అమ్మాయి బీటెక్‌కి పాత లాప్‌టాప్ కొని బాగుచేయించుకోవడమా, అదే డబ్బుకి కొత్తదా?

టవర్‌క్లాక్ (అనంతపురం):

మా అమ్మాయి ఇక్కడే బీటెక్ సీఎస్‌ఈ మొదటి సంవత్సరం చదువుతోంది. రెండో సెమిస్టర్ మొదలైంది, లాప్‌టాప్ లేకుండా ఇక కుదరదంటోంది. 25 వేలు దాటి పెట్టలేను. ఈసారి శనక్కాయ చేతికి రాలేదు, ఎందుకో మన జిల్లావాళ్లకు చెప్పక్కర్లేదు. ఒక షాపులో కొత్తది 24,500 అన్నారు: సెలెరాన్ ఎన్4500 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ఏడాది వారంటీ. పక్క సందులో ఇంకో షాపాయన పాత థింక్‌ప్యాడ్ టీ480 చూపించి 17 వేలకు ఇస్తానన్నాడు. నాకు రెండూ నల్లగానే కనిపించాయి. ఎద్దును కొనాలంటే పళ్లు చూస్తా, నాలుగడుగులు నడిపించి చూస్తా. దీనికి ఏం చూడాలి? లేక పాతది అనగానే దండం పెట్టి వచ్చేయాలా?

బురుజు నీడ (కర్నూలు):

పాతదే కొనండి. ముందే చెప్తున్నా, పదకొండేళ్లుగా లాప్‌టాప్ రిపేర్లు నా వృత్తి, పాత సరుకు కూడా అమ్ముతాను. కాబట్టి నా మాటలో కొంత తరుగు తీసేసి వినండి.

మీరు చూసిన సెలెరాన్‌లో ఉన్నవి రెండే కోర్లు (ప్రాసెసర్‌లో పని చేసే భాగాలు). టీ480లో ఎక్కువగా దొరికే ఐ5-8250యులో నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి నడపగల పనుల వరసలు). 2017లో ఎనిమిదో జనరేషన్ (ఎనిమిదో తరం ప్రాసెసర్లు) వచ్చినప్పుడే ఇంటెల్ ఈ తరహా ఐ5లను రెండు కోర్ల నుంచి నాలుగుకు పెంచింది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 ఏమో, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, ఎనిమిదో జనరేషన్ నుంచే అధికారికంగా ఎక్కుతుంది. అందుకే ఆరు, ఏడు జనరేషన్ల సరుకు ఇప్పుడు గుట్టలుగా వస్తోంది. చవకగా ఇస్తారు, పడిపోకండి.

నంబర్ చదవడం తేలికే. ప్రాసెసర్ పేరులో గీత తర్వాత 8250 అని ఉంటే ఎనిమిదోది, 6300 అని ఉంటే ఆరోది. మోడల్ పేరు ఒక్కటే చూసి సరిపెట్టుకోవద్దు, టీ480లోనే ఏడో జనరేషన్‌తో వచ్చినవి కూడా ఉన్నాయి. ‘ఐ7 సార్, ఐ7’ అని అరిచేవాళ్లు ఎటూ ఉంటారు. నాలుగో జనరేషన్ ఐ7-4600యులో కూడా ఉన్నవి రెండే కోర్లు!

టీ480 లాంటివి కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి ఒకేసారి వదిలించుకునే మోడళ్లు. అడుగున మూత తీస్తే ర్యామ్‌కి రెండు స్లాట్లు కనిపిస్తాయి, ఎస్‌ఎస్‌డి (హార్డ్‌డిస్క్ కంటే వేగంగా పనిచేసే స్టోరేజ్) మార్చుకోవచ్చు. టీ480ఎస్ అని చివర ఎస్ ఉంటే మాత్రం కొంత ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, స్లాటు ఒకటే.

ఏడురోడ్లు (కడప):

అన్నా, లెక్కలు బాగున్నాయి. పడినవాడి మాట కూడా వినండి.

రెండేళ్ల కిందట మా తమ్ముడికి బెంగళూరులో ఒక దుకాణంలో 19 వేలకు తీసుకున్నా. ఆర్నెల్లు బ్రహ్మాండంగా నడిచింది. ఒకరోజు వైరస్ పట్టిందని వాడు ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ ఎక్కించాడు. వైఫై కలిపాడో లేదో, తెర మీద ఎవరిదో కంపెనీ పేరు, కింద ‘మీ ఆఫీసు ఈమెయిల్‌తో లాగిన్ అవ్వండి’ అని. ఆ కంపెనీ దాన్ని తన లెక్కల్లోంచి తీయకుండానే అమ్మేసిందన్నమాట. షాపాయనకి ఫోన్ చేస్తే ‘నెట్ కలపకుండా ఎక్కించండి, ఏం కాదు’ అన్నాడు. కలపకుండా ఎక్కించాం. మళ్లీ ఫార్మాట్ చేయాల్సి వస్తే మళ్లీ అదే టెన్షన్. చివరికి బెంగళూరు పోయి, ఒక పూటంతా గొడవపడితే, నాలుగు వేలు కోసుకుని వెనక్కి తీసుకున్నాడు.

ఇంకో మాట. 17 వేలు అనేది ధర కాదు, అడ్వాన్స్. బ్యాటరీకి రెండున్నర వేలు వేసుకోండి. చార్జర్ ఒరిజినల్ కాకపోతే దానికింత. 2025 చివర నుంచి ర్యామ్ ధరలు ఎలా మండుతున్నాయో చూస్తూనే ఉన్నాం, ఇంకో 8 జీబీ కలపాలంటే మునుపటిలా తేలిక కాదు. అన్నీ కలిపితే మీ 25 దగ్గరికే వస్తుంది. అప్పుడు వారంటీ ఉన్న కొత్తది చేదా?

హాస్టల్ రూమ్ (కర్నూలు):

ఎనిమిదో జనరేషన్ అని గీత గీసేశారు గానీ, నాది నాలుగోది. సీనియర్ దగ్గర 6 వేలకు కొన్నా. మొదట్లో ఆన్ చేసి మెస్సుకెళ్లి ఇడ్లీ తిని వచ్చినా ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉండేది. హార్డ్‌డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డి పెట్టించి విండోస్‌కి బదులు లైనక్స్ మింట్ 22 (ఉచితంగా దొరికే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) వేశాను. ఇప్పుడు అర నిమిషంలో లేస్తుంది. మింట్ 22కి 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి, అప్పటికి నా బీటెక్ అయిపోతుంది. సీ, పైథాన్, జావా, ఏదీ ఆగలేదు.

నిజం దాచను. ఒక కంపెనీ ఆన్‌లైన్ టెస్ట్ సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే నడుస్తుందన్నారు, రూమ్‌మేట్ లాప్‌టాప్ అడుక్కున్నా. వాడు వంద సార్లు గుర్తుచేశాడు. ఆటోక్యాడ్ కూడా లైనక్స్‌కి లేదు.

డీటీపీ మామ (ప్రొద్దుటూరు):

లైనక్స్ పేరెత్తితే నాకు మా మేనల్లుడు గుర్తొస్తాడు. ‘మామా, నీ పాత మిషన్‌కి ప్రాణం పోస్తా’ అని మింట్ ఎక్కించాడు. మాఘమాసం, ముహూర్తాల సీజన్. పాత పెళ్లి పత్రిక ఫైల్ తెరవబోతే, దాన్ని తయారుచేసిన సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకరే లేదు. అందులోని అక్షరాలు ఇంకోచోట పెట్టి చూస్తే, శుభలేఖ ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు కలగాపులగంగా. అను ఫాంట్లు యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదివే పద్ధతి) కాదు కదా, ఫాంట్ లేకపోతే పెళ్లికొడుకు పేరు కూడా బూతులాగే ఉంటుంది.

ఆ సాయంత్రమే మళ్లీ పాత విండోస్ ఎక్స్‌పీ వేయించుకున్నా. దానికి నెట్ వైరే లేదు, వైరస్ భయం తక్కువ. అంతా పెన్‌డ్రైవ్‌తోనే. మా పనిలో పాత మిషన్ని బతికించడమంటే పాత విండోస్‌ని కూడా బతికించడమే. ఆ పిల్ల చదువుకి ఇది పనికిరాదు, నా బాధ చెప్పుకున్నానంతే.

బురుజు నీడ (కర్నూలు):

ఏడురోడ్లు గారు చెప్పిన తాళం సంగతి అక్షరాలా నిజం. దాన్ని కొన్నాక కాదు, షాపులోనే పట్టుకోవాలి. విండోస్‌ని మొత్తం రీసెట్ చేయమనండి. మొదటి స్క్రీన్లు వచ్చేటప్పుడు మీ ఫోన్ హాట్‌స్పాట్ కలపండి. కంపెనీ పేరు రాకపోతే ఆ గండం గడిచినట్టే. ముప్పావు గంట పడుతుంది. ‘అంత టైమ్ లేదు సార్’ అన్నాడా, చెప్పులేసుకోండి.

ఆన్ చేయగానే, విండోస్ లేవకముందు వచ్చే సెట్టింగ్స్ అయిన బయోస్‌లోకి వెళ్లండి: థింక్‌ప్యాడ్ అయితే ఎఫ్1, డెల్ అయితే ఎఫ్2, హెచ్‌పీ అయితే ఎఫ్10. పాస్‌వర్డ్ అడిగితే అక్కడే వదిలేయండి. బ్యాటరీకి విండోస్‌లోనే ఒక రిపోర్ట్ తీసే కమాండ్ ఉంది, అమ్మాయికి తెలిసే ఉంటుంది. డిజైన్ కెపాసిటీ ఎంత, ఇప్పుడు నిండా చార్జ్ చేస్తే ఎంత అని రెండు అంకెలు పక్కపక్కన చూపిస్తుంది. రెండోది మొదటిదాంట్లో సగం కూడా లేకపోతే బ్యాటరీ ఖర్చు ధరలోనే తగ్గించమనాలి. ఇంకా సులువైనది: చదునైన గాజు టేబుల్ మీద పెట్టి మూల నొక్కండి. ఊగితే, ట్రాక్‌ప్యాడ్ పైకి తేలితే, లోపల బ్యాటరీ ఉబ్బిందేమోనని అనుమానించాలి. అది ముట్టుకోవద్దు.

టీ480నే కొంటే, టైప్-సి పోర్టుని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్‌కి, అంటే దాని ఫర్మ్‌వేర్ అప్‌డేట్ తప్పక వేయండి. లెనోవో ఎప్పుడో ఇచ్చింది, చాలామంది వేసుకోలేదు.

ఏడురోడ్లు (కడప):

ఇదంతా ఒక రైతు చేయగలిగే పనా అని అడుగుతున్నా. ఆరేడేళ్ల మదర్‌బోర్డ్ మే నెల కడప ఎండకి ఎన్నాళ్లు ఆగుతుంది?

బురుజు నీడ (కర్నూలు):

ఎండ కంటే దుమ్ము చంపుతుంది అప్పా. పోయిన వేసవిలో బేతంచర్ల నాపరాళ్ల పాలిష్ యూనిట్ నుంచి ఒక లాప్‌టాప్ వచ్చింది. పది నిమిషాలకోసారి ఆగిపోతోంది, ‘బోర్డు పోయింది, కొత్తది కొనుక్కో’ అని అప్పటికే ఒకరు చెప్పేశారు. మూత తీశా. ఫ్యాన్‌కీ రాగి రేకులకీ మధ్య తెల్లటి పొడి తేమకి గట్టిపడి గోడకి సున్నం పట్టినట్టు పట్టుంది. గాలి పోయే దారే లేదు. పాత టూత్‌బ్రష్‌తో అరగంట గోకి, ప్రాసెసర్ మీద ఎండి పెచ్చులూడుతున్న పేస్ట్ తుడిచి కొత్తది పూశా. నాలుగు వందలు తీసుకున్నా. ఇప్పటికీ అక్కడే నడుస్తోంది. మీ కొత్త సెలెరాన్ని అక్కడ పెట్టినా రెండేళ్లకి ఇదే గతి.

చేయగలిగే పనా అంటారా, ఆయన చేయక్కర్లేదు. అమ్మాయి చేస్తుంది.

టవర్‌క్లాక్ (అనంతపురం):

తొమ్మిది రోజులకి వచ్చా, ఏమనుకోకండి. నేనూ మా అమ్మాయీ కలిసి వెళ్లాం. ఇక్కడ చెప్పినవన్నీ ఒక కాగితం మీద రాసుకుంది.

ఆ 17 వేల టీ480, ఎఫ్1 నొక్కగానే పాస్‌వర్డ్ అడిగింది. ‘అది మామూలే సార్, దాంతో మీకేం పని’ అన్నాడు. కింద పెట్టేశాం. రెండో షాపులో హెచ్‌పీ ఎలైట్‌బుక్ 840 జీ5 కొత్తదానిలా మెరిసిపోతోంది, టేబుల్ మీద పెడితే కుంటి కుర్చీలా ఊగింది. మూడో షాపులో డెల్ లాటిట్యూడ్ 5490, ఐ5-8350యు, 8 జీబీ. ఆ షాపాయన రీసెట్‌కి ఒప్పుకున్నాడు, టీ కూడా తెప్పించాడు. హాట్‌స్పాట్ కలిపి ముప్పావు గంట కూర్చున్నాం. ఎవరి పేరూ రాలేదు. బ్యాటరీ రిపోర్ట్‌లో 68 వేల మిల్లీవాట్-అవర్లు ఉండాల్సింది 41 వేలు చూపించింది. అమ్మాయి ఆ అంకె చూపించి వెయ్యి తగ్గించింది, నేను నోరు తెరవలేదు. 15,500. మూడు నెలల వారంటీ అని బిల్లు మీద చేత్తో రాయించుకుని, సీరియల్ నంబర్ వేయించుకున్నాం.

ఏడురోడ్లు గారూ, మీ మాట మర్చిపోలేదు. బ్యాటరీకని మూడు వేలు విడిగా పెట్టా. ఇంకో 8 జీబీ మాత్రం ఇప్పట్లో కాదు, ధర విని వచ్చేశాం. అడుగున పాత కంపెనీ స్టిక్కర్ ఒకటి ఉంది. కొబ్బరినూనె రాసి గోటితో గీకుతోంది, ఇంకా సగం మిగిలింది.

ఏడురోడ్లు (కడప):

సంతోషం. ఆ బిల్లుని ఈ రాత్రికే ఫొటో తీసి పెట్టుకోండి. మెషిన్ నుంచి వచ్చే ఆ కాగితం మీద అక్షరాలు ఎండకి మాయమైపోతాయి. రెండేళ్ల తర్వాత మళ్లీ ఇక్కడే అడుగుతా.