తసమదీయులు, ఘటోత్కచుడు, కీలు

విజయవాడలో మా పక్కింటి అమ్మాయి ఎం.ఏ. సెమినార్‌కి మాయాబజార్ (1957) తీసుకుంది. నిర్మాణవాదం (అర్థాన్ని విడి విడి మాటల్లో కాక వాటి మధ్య తేడాల్లో, జంటల్లో వెతికే పద్ధతి) ప్రకారం ప్రొటాగనిస్టు పాత్రని విశ్లేషించాలట. "దానికి తెలుగేంటి పిన్నీ" అంటే కథానాయకుడు అనేశాను గానీ మనసు ఒప్పుకోలేదు. ప్రేమకథలో నాయకుడు అభిమన్యుడు, సినిమాని భుజాన మోసేదేమో ఘటోత్కచుడు. ఏ మాట వాడాలి?

గుంటూరు మాస్టారు:
అమ్మా, జవాబు ఆ సినిమాలోనే ఉంది. పింగళి నాగేంద్రరావు గారు రాక్షసుల నోట పెట్టిన 'అసమదీయులు, తసమదీయులు' చూడండి. అస్మదీయ సంస్కృతంలో ఉన్నదే, మావాళ్ళని అర్థం. 'మీవాళ్ళు'కి యుష్మదీయ ఉంది, 'వాళ్ళవాళ్ళు'కి తదీయ ఉంది, తస్మదీయ మాత్రం వ్యాకరణానికి పొసగదు. అయినా వినగానే శత్రువులని తెలిసిపోతుంది, పక్కన అసమదీయులు ఉండబట్టే. మాటకి విలువ పక్క మాటతో ఉన్న తేడా వల్ల వస్తుందని నిర్మాణవాదానికి పునాది వేసిన భాషాశాస్త్రవేత్త సొస్యూర్ పాఠాల్లో (1916లో అచ్చయ్యాయి) ఉన్నది ఇదే. ప్రతినాయకుడు అన్న మాటా అంతే, నాయకుడు లేకుండా నిలబడదు.

పాత్రనీ అలాగే చూడాలి. ఘటోత్కచుడు తల్లి వైపు రాక్షసుడు, తండ్రి వైపు రాజవంశం. ఉండేది అడవిలో, పని ద్వారకలో. మగాడై ఉండి పెళ్ళికూతురవుతాడు. ఏ జంట తీసుకున్నా రెండు వైపులా ఆయనే. అందుకని నేను 'కీలకపాత్ర' అంటాను. కీలకం, కీలు రెండూ 'కీల' నుంచి వచ్చినవే. తలుపునీ గుమ్మాన్నీ పట్టుకునుండేది కీలే కదా.

నేను:
మాట బాగుంది మాస్టారూ. కానీ ఇలా జంటలుగా విడదీస్తే పాత్ర ఎండిపోదా? పెళ్ళిపీటల మీద మాయాశశిరేఖ లక్ష్మణకుమారుడి కాలు తొక్కుతుందే, అక్కడ మన చిర్రావూరు సావిత్రి గారి ముఖంలో పెళ్ళికూతురి సిగ్గు, కింద కాలేమో రాక్షసుడిది. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. దాన్ని పట్టికలో ఎలా రాస్తాం?

గుంటూరు మాస్టారు:
ముఖం ఒకటి, కాలు ఒకటి అని మీరే విడదీసి చెప్పారు, అందుకే నాకు కళ్ళకి కట్టింది. ఆ అమ్మాయిని ఆ సీన్‌తోనే మొదలుపెట్టమనండి.

నేను:
చెప్తాను. ఇంకో సంగతి, పత్రికల్లో 'తస్మదీయులు' అని ఒత్తు పెట్టి కూడా రాస్తున్నారు. మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఎలా పలుకుతారో చెప్పండి, అమ్మాయి రాసుకుంటుంది.