అమ్మ తీసిన 84 రోల్స్ నెగటివ్‌లు, వీటిని ఎలా కాపాడుకోవాలి?

గోదారిపిల్ల:

అందరికీ నమస్తే. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదివి సలహా చెప్పండి ప్లీజ్.

మా అమ్మకి ఫోటోలంటే ప్రాణం. రాజమండ్రిలో టీచర్‌గా చేసి రిటైరైంది, ఇప్పుడు 69 ఏళ్ళు. పెళ్ళికి ముందే మావయ్య కొనిచ్చిన ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా ఉండేది, రోలుకి పన్నెండే వస్తాయి, చదరం ఫోటోలు, అది. తర్వాత 1988లో అరియర్స్ వస్తే యాషికా ఎమ్మెఫ్ టూ కొనుక్కుంది. ఆ రోజుల్లో మా వీధిలో ఇంకో ఆడమనిషి చేతిలో కెమెరా నేను చూళ్ళేదు. గుడికెళ్ళినా పెళ్ళికెళ్ళినా హ్యాండ్‌బ్యాగ్‌లో అది ఉండాల్సిందే. అందర్నీ వరసగా నిలబెట్టి తీసే అలవాటు తక్కువ, అమ్మమ్మ డాబా మీద పాత చీర పరిచి వడియాలు పెడుతుంటే, నాన్న స్కూటర్ని పక్కకి వంచి కిక్కు కొడుతుంటే, నేను జడ వేయించుకుంటూ కునుకు తీస్తుంటే, అట్లాంటివి తీసేది. 36 ఫోటోల రోలు ఒకటి మూడు నెలలు వచ్చేది, సంక్రాంతికి మొదలెడితే ఉగాది దాటాకే కడిగించడం.

ఇప్పుడు ఇల్లు మారుతున్నాం. అటక మీంచి ట్రంకుపెట్టె దించితే 84 రోల్స్ నెగటివ్‌లు బయటపడ్డాయి, ఆరేసి ఫ్రేముల ముక్కలుగా స్టూడియో కవర్లలో. వాటితోపాటు ఒక లాంగ్ నోట్‌బుక్, రోల్ నంబరు, ఫోటో నంబరు, ఎక్కడ, ఎవరెవరు, అన్నీ అమ్మ రాతలో. కానీ కొన్ని కవర్లు తెరిస్తే వెనిగర్ వాసన గుప్పుమంటోంది, కొన్నిటి మీద తెల్లగా బూజు. ఆల్బమ్‌లేమో జిగురు పేజీలవి, ఫోటోలు ఊడి రావట్లేదు.

పోయినేడు ఒక స్టూడియోకి నాలుగు రోల్స్ ఇచ్చాను. బాగున్నవి అని వాళ్ళే 31 ఏరి స్కాన్ చేసి, మిగతావన్నీ వేస్టు మేడమ్ అన్నారు, పైగా నెగటివ్‌ల మీద కొత్త గీతలు. అమ్మ వాటిని కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూసి ఏమీ అనకుండా కవర్లో పెట్టేసి వంటింట్లోకెళ్ళిపోయింది. అప్పట్నుంచీ నాకు మనసులో అదే.

మళ్ళీ బయటికివ్వాలా, ఇంట్లోనే చెయ్యొచ్చా? ఇంకోటి, అమ్మకి మళ్ళీ కెమెరా కొనివ్వాలనుంది. ఫోన్‌లో బానే తీస్తుంది గానీ కంటికి ఆనించి చూడందే తీసినట్టుండదే అంటుంది. శుక్లాల ఆపరేషన్ అయింది, చూపు బావుంది.

పాతరీలు:

మీ పోస్టు రెండుసార్లు చదివానండీ. మా నాన్నగారివి నేను ఇలాగే రెండేళ్ళు కూర్చుని చేశాను కాబట్టి చెప్తున్నా.

ముందు వాసనొచ్చే కవర్లు ఇవాళే వేరే డబ్బాలో పెట్టండి. ఫిల్ము కింద ఉండే ఎసిటేట్ అనే ప్లాస్టిక్ వేడికీ తేమకీ విరిగిపోతూ వదిలే ఆమ్లం వాసన అది, ఆ ఆవిరి పక్కన బాగున్నవాటిని కూడా పాడు చేస్తుంది. జరిగినదాన్ని వెనక్కి తిప్పలేం, నెమ్మదింపజేయగలం అంతే, అందుకే స్కానింగ్ వాటితోనే మొదలుపెట్టాలి, ముడుచుకుపోయాక స్కానర్‌లో ఫిల్ముని పట్టి ఉంచే ఏ హోల్డర్‌లోనూ పట్టవు. అటక మీద మాత్రం మళ్ళీ పెట్టకండి, స్లాబు వేడి, పైగా గోదావరి జిల్లాల తేమ. కింద గదిలో బీరువా మేలు, గాలి చొరబడని డబ్బా, లోపల తేమ పీల్చే సిలికా జెల్. కలరా ఉండలు మాత్రం వద్దు, చాలామంది మంచిదనుకుని వేసేస్తారు. బూజుని తడిగుడ్డతో తుడవొద్దు, బ్లోయర్‌తో ఊది మెత్తటి బ్రష్‌తో తియ్యండి, అదీ మెరిసే వైపే. మసగ్గా ఉండే వైపు బొమ్మ ఉంటుంది, ముట్టుకోకూడదు.

స్కానర్ సంగతి. నేను ఎప్సన్ వి600 వాడాను, 35 ఎమ్మెమ్ ఫ్రేములు ఒకసారికి పన్నెండు పడతాయి, మీ క్లిక్ త్రీ 120 ఫిల్ముకీ హోల్డర్ వస్తుంది. 3200 డీపీఐలో (అంగుళానికి అన్ని చుక్కలు) చేస్తే 35 ఎమ్మెమ్ ఫ్రేముకి 13 మెగాపిక్సెల్ పైన వస్తుంది, అమ్మగారి కెమెరాకి అంతకుమించి అక్కర్లేదు. దుమ్ము తీసే డిజిటల్ ఐస్ కలర్‌కి పెట్టుకోండి, బ్లాక్ అండ్ వైట్‌కి ఆపెయ్యండి, ఎందుకంటే అందులో వెండి, దుమ్ముని వెతికే ఇన్‌ఫ్రారెడ్ కాంతిని అడ్డుకుంటుంది, దాన్నే దుమ్మనుకుని మొహాలు చెరిపేస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది, ఏరకండి. 84 రోల్స్ అంటే మూడు వేల దాకా ఫ్రేములు, చాలానే, అయినా ఖాళీవి, కదిలినవి, వేలు అడ్డొచ్చినవి, అన్నీ వరసలోనే చెయ్యండి, ఫైలు పేరులో రోల్ నంబరూ ఫ్రేము నంబరూ పెట్టండి, నోట్‌బుక్‌తో కలుస్తుంది. మీరే అన్నారు కదా రోలు మూడు నెలలు వచ్చేదని. ఆ వరస పోతే ఆ మూడు నెలలు పోయినట్టే. మా నాన్నవి మొదట్లో బాగున్నవే చేశాను, తర్వాత ఇల్లు మారేటప్పుడు మిగతావి ఎక్కడ పోయాయో దొరకలేదు, ఇప్పటికీ బాధే.

అరుకు_లోయ:

జిగురు ఆల్బమ్ గురించి. గోరుతోనో బ్లేడుతోనో ఎత్తకండి అక్కా, మా చెల్లి అలా చేస్తే మా తాతయ్య మొహం రెండు పొరలుగా చీలింది. ముందు పేజీ మొత్తాన్ని అలాగే ఫోటో తీసుకోండి. తర్వాత పళ్ళు శుభ్రం చేసుకునే డెంటల్ ఫ్లాస్ దారాన్ని ఫోటో వెనక ఒక మూల నుంచి పెట్టి రంపంలా మెల్లగా లాగండి. మొండికేస్తే వదిలెయ్యండి, నెగటివ్ ఉన్నదానికి ప్రింటుతో కుస్తీ ఎందుకు. ఊడినవాటి వెనక బాల్‌పెన్‌తో రాయొద్దు, అచ్చు ముందుకి పడుతుంది.

నోట్‌బుక్‌లో తారీకు లేనివి ఉంటే మీ ఊళ్ళో ఒక సులువుంది. గోదావరి మీద పాత హేవలాక్ వంతెన మీద రైలు కనిపిస్తే 1997కి ముందుది, ఆ ఏడాదితో దాని మీద రైళ్ళు ఆపేశారు. పుష్కరాల జనం ఉంటే 1991, లేదా 2003. ఫిల్ము అంచు మీద కంపెనీ పేరు అచ్చయి ఉంటుంది, అదీ చూడండి. ఇందు అని ఉంటే ఊటీలో మన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ళు చేసినది, వాళ్ళ బ్లాక్ అండ్ వైట్ నా దగ్గరా ఉన్నాయి.

ఇంకో మాట, అమ్మని పక్కన కూర్చోబెట్టుకునే చెయ్యండి, ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి. నోట్‌బుక్‌లో 'పెద్దక్క వాళ్ళు' అని ఉంటుంది, ఆ పెద్దక్క ఎవరో ఆవిడకే తెలుసు.

క్లిక్కుబాబు:

కెమెరా విషయం నేను చెప్తానండి. యాషికా ఇంకా ఇంట్లో ఉంటే ముందు బ్యాటరీ మూత తీసి చూడండి, పాత సెల్స్ కారి ఉంటే తుప్పు పట్టేసి ఉంటుంది. వెనక డోరు అంచుల్లో నల్ల ఫోమ్ బంకలా అయిపోయిందంటే వెలుతురు లోపలికొస్తుంది, దాన్ని మార్చొచ్చు. ఫిల్ము ఇప్పటికీ దొరుకుతుంది గానీ రోలూ కడిగించడమూ కలిపితే ఖర్చు బాగానే అవుతుంది, కడిగే ల్యాబులు కూడా అన్ని ఊళ్ళలో లేవు, కొరియర్ చెయ్యాలి. అందుకని సంవత్సరానికి రెండు రోల్స్ పండగల కోసం అనుకుని అది ఉంచండి. రోజువారీకి కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ ఉన్న చిన్న మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని డిజిటల్ కెమెరా) సెకండ్‌హ్యాండ్‌లో చూడండి. కొనేముందు ఆవిడ చేతికిచ్చి చూడండి, వేళ్ళకి బటన్లు అందాలి, బరువు మెడ లాక్కూడదు. పక్కన డయాప్టర్ అని చిన్న చక్రం ఉంటుంది, అది తిప్పితే ఆపరేషన్ అయిన కంటికి కూడా సరిపోతుంది, చాలామందికి అది ఉన్న సంగతే తెలీదు.

గోదారిపిల్ల:

అందరికీ పేరుపేరునా థాంక్స్. మూడు వారాలైంది, అప్‌డేట్ ఇస్తున్నా. స్కానర్ సెకండ్‌హ్యాండ్‌లో దొరికింది, వాసనొచ్చే 11 రోల్స్ అయిపోయాయి. అమ్మ రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక చేతులు కడుక్కుని పొడిగుడ్డతో తుడుచుకుని వచ్చి కూర్చుంటోంది, నేను హోల్డర్‌లో పెడితే తను నోట్‌బుక్ చదువుతోంది. నిన్న ఒక నెగటివ్ కిటికీకి పెట్టి పట్టుకుంటే అమ్మమ్మ తెల్లజుట్టు నల్లగా, ఎర్రబొట్టు ఆకుపచ్చగా కనిపించింది, ఎవరో చెప్పు అంటే క్షణం కూడా పట్టలేదు, భుజం వంపు చూసి చెప్పేసింది.

పాతరీలు గారూ, ఏరకండి అన్నారు కదా, దాని గురించి తప్పకుండా చెప్పాలి. స్టూడియో వాళ్ళు వేస్టు అన్న నాలుగు రోల్స్ మళ్ళీ మొదట్నుంచీ చేశాను. అందులో 1993 ఎండాకాలం, కిరండూల్ పాసింజర్‌లో అరకు వెళ్ళిన రోలు ఉంది. ఆ లైన్లో 58 సొరంగాలు ఉంటాయి కదా, నేనూ తమ్ముడూ వేళ్ళ మీద లెక్కపెడుతూ ప్రతిదానికీ అరిచేవాళ్ళం. రోల్లో మేము కిటికీ చువ్వలు పట్టుకుని ఉన్నది ఒకటి, తర్వాత నాలుగు ఫ్రేములు ఏమీ లేకుండా ఉత్త ఫిల్ముగా ఉన్నాయి, తర్వాత బొర్రా స్టేషన్లో నాన్న కూజాలో నీళ్ళు పట్టుకుంటున్నది. ఆ నాలుగూ ఏంటమ్మా, లెన్సు మీద చెయ్యి పెట్టావా అంటే నోట్‌బుక్ నా వైపు తిప్పింది.

రోల్ 41. 17 నుంచి 20. 'సొరంగం. పిల్లల కేకలు.'