ఫ్లోరైడ్ బోర్ల జిల్లాలో లూజ్ టీకి ఏ నీళ్లు? ఆర్‌ఓనా, కృష్ణ నీళ్లా?

చండూరు ఛాయ్:
లూజ్ టీ (బ్యాగుల్లో కాని విడి ఆకు టీ) మాట ఎప్పుడు వచ్చినా ఇక్కడ రెండు వర్గాలు తయారవుతున్నాయి. ఆర్‌ఓ నీళ్లలో డార్జిలింగ్ పెడితే బూడిదలో పోసిన పన్నీరే అని ఒక వర్గం. నల్లగొండ జిల్లాలో ఉంటూ ఆర్‌ఓ వద్దనడం ఏం తెలివి అని ఇంకో వర్గం. ఈ ఒక్క చోట తేల్చుకుందాం. పాలు, చక్కెర లేని టీ గురించే మాట్లాడదాం. 200 మి.లీ. నీళ్లకు 2.5 గ్రాముల ఆకు లెక్క. ఇళ్లలో ఉండేవి మూడు రకాల నీళ్లు: బోరు, భగీరథ నల్లా (కృష్ణ నీళ్లు), ఆర్‌ఓ (ఇంటి మిషనైనా, ప్లాంటు క్యానైనా). మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు వాళ్లు బోరు గురించి రాస్తే టెస్టు రిపోర్టులో ఫ్లోరైడ్ అంకె చూసి రాయండి. "మా బోరు నీళ్లు తియ్యగుంటయ్" అంటే లెక్కలోకి రాదు.

ఎర్రనేల:
అన్నా, నా ఓటు కృష్ణ నీళ్లకే. ఆర్‌ఓ మిషన్లు టీడీఎస్‌ను (నీళ్లల్ల కరిగిన లవణాల అంకె) 20, 30కి గుంజుతయ్. గసుంటి నీళ్లల్ల అస్సాం వేస్తే రంగు మెరుస్తది గని నోట్ల బరువుండదు, గుటక వేసినంక ఏం మిగల్దు. చైనాల 8వ శతాబ్దం నాడే టీ మీద పుస్తకం రాసిన లూ యూ చెప్పిండు: కొండ నీళ్లు మొదలు, ఏటి నీళ్లు తర్వాత, బాయి నీళ్లు ఆఖరు. మనకు వచ్చేది ఏటి నీళ్లే కదా.

నల్లా నీళ్లతోని ఒక్కటే పంచాది, క్లోరిన్. అది ఆకుల ఉండే ఫినాల్స్‌ను పట్టుకుంటే దవాఖాన వాసన కొడ్తది. రాత్రి వెడల్పు స్టీలు గిన్నెల పోసి పల్చటి గుడ్డ కప్పి పెట్టుండ్రి. పొద్దుగాల కదపకుండ పైపైన వంచుకొని, అడుగున రెండు వేళ్ల మందం వదిలెయ్యాలె. ఇగ దాన్ని ఒక పొంగు రానిచ్చి ఆకు మీద పోస్తే ఏ ఆర్‌ఓ కూడ పనికి రాదు.

కెటిల్‌98:
ఎర్రనేల గారూ, లూ యూ కాలంలో గ్రానైట్‌లోకి వందల అడుగుల బోర్లు లేవు, ఆర్‌ఓ కూడా లేదు. ఆయన వరసలో మీకు పనికొచ్చిన ముక్కే తీసుకున్నారు.

"ఆర్‌ఓ టీ సప్పగా ఉంటుంది" అన్న మాట అన్ని ఆకులకూ వర్తించదు. కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2019లో ప్రచురించిన పరీక్షలో లవణాలు తీసేసిన నీళ్లలో గ్రీన్ టీ పెడితే ఈజీసీజీ అనే కాటెకిన్ (ఆకులోని చేదు పదార్థం), నల్లా నీళ్ల టీలో కంటే దాదాపు రెట్టింపు దిగింది. అంటే సప్పదనం కాదు, చేదు పెరిగింది. నల్లా నీళ్ల గ్రీన్ టీ తాగినవాళ్లకు తియ్యగా అనిపించింది. నల్ల టీలో మాత్రం మామూలుగా తాగేవాళ్లు పెద్ద తేడా పట్టలేదు.

కాబట్టి ఆర్‌ఓ నీళ్లలో సెంచా (జపాన్ గ్రీన్ టీ) పెట్టేటప్పుడు పొట్లం మీద 80 డిగ్రీలు, 2 నిమిషాలు అని ఉన్నా 70 డిగ్రీలు, ఒక నిమిషం చాలు. అదే ఆకు, అవే నీళ్లు, చేదు తగ్గుతుంది. ఆర్‌ఓను తిట్టేవాళ్లలో చాలామంది తిట్టాల్సింది తమ కెటిల్‌ను.

చండూరు ఛాయ్:
థర్మామీటర్ లేనివాళ్లు 70 ఎట్ల పడతారు?

కెటిల్‌98:
పాలమూరు, నల్లగొండ ఎత్తులో నీళ్లు 98, 98.5 దగ్గరే మరుగుతాయి, వందకు పోవు. మరిగిన నీళ్లను చల్లని పింగాణీ కప్పులో పోస్తే 8, 10 డిగ్రీలు పడిపోతాయి. అక్కడ డార్జిలింగ్ ఫస్ట్ ఫ్లష్‌కు (ఏడాదిలో తొలి కోత ఆకు) సరిపోతుంది, మూడు నిమిషాలు. ఇంకో కప్పులోకి మారిస్తే 80 దగ్గరికి, మూడోసారి మార్చి ఒక నిమిషం ఆగితే 70 దగ్గరికి వస్తాయి. మే నెలలో కప్పే 40 డిగ్రీల మీద ఉంటుంది, అప్పుడు ప్రతి మార్పుకూ రెండు మూడు డిగ్రీలు తక్కువే పడతాయి. కప్పును ముందు కుండ నీళ్లతో కడిగి తుడవండి.

నీళ్ల లెక్క:
రుచి దగ్గరికి పోకముందు ఒక సంగతి. ఇక్కడ అందరూ టీడీఎస్ అంకె చెబుతున్నారు. టీడీఎస్ మీటర్ కొలిచేది నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో. 400 టీడీఎస్ నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు అర మి.గ్రా. ఉన్నా, 4 మి.గ్రా. ఉన్నా మీటర్‌లో తేడా కనపడదు, నాలుకకూ తెలియదు.

ఇంకో తిరకాసుంది. మన గ్రానైట్ నేలలో ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లలో తరచుగా కాల్షియం తక్కువ, సోడియం బైకార్బొనేట్ ఎక్కువ. కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచుతుంది, లేనిచోట అది నీళ్లలో తేలికగా కరుగుతుంది. అందుకే ఇలాంటి బోర్ల నీళ్లు కొన్ని మెత్తగా, తాగడానికి హాయిగా ఉంటాయి, సబ్బు బాగా నురుగొస్తుంది. "తియ్యటి బోరు" అని ఊరంతా మెచ్చుకునే బోరునే ముందు టెస్టుకు పంపాలి.

టీలో ఈ నీళ్లు ఎట్ల బయటపడతాయంటే, రంగులో. బైకార్బొనేట్ నీళ్లు మరిగితే కార్బన్ డయాక్సైడ్ పోయి క్షారం ఇంకా పెరుగుతుంది. అందులో డార్జిలింగ్ వేస్తే బంగారు రంగు రాదు, మట్టి గోధుమ రంగు వస్తుంది. పూల వాసన అణిగిపోతుంది. ఎండిన శంఖుపూలు ఉంటే ఇంట్లోనే చూడొచ్చు: రెండు గాజు గ్లాసుల్లో నాలుగైదు పూల చొప్పున వేయండి. ఒకదాంట్లో మరిగించిన ఆర్‌ఓ నీళ్లు, ఇంకోదాంట్లో పది నిమిషాలు మరిగించిన బోరు నీళ్లు 100 మి.లీ. చొప్పున పోసి ఐదు నిమిషాలు ఆగండి. ఆర్‌ఓ గ్లాసు నీలంగా నిలుస్తుంది. బోరు గ్లాసు ఆకుపచ్చ ఛాయకు తిరిగితే క్షారం గట్టిగా ఉన్నట్టు. ఇది క్షారానికి పరీక్ష, ఫ్లోరైడ్‌కు కాదు. ఫ్లోరైడ్‌కు ల్యాబ్ రిపోర్టు ఒక్కటే దారి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 1 మి.గ్రా. లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా.

ఎర్రనేల:
సార్, నేను బోరు నీళ్లు తాగుమని చెప్పలే. నల్లా నీళ్లు అంటున్న. మా దిక్కు కొందరు రాగి బిందెల పోసి పెడితే, మంచిగ మరగబెడితే ఫ్లోరైడ్ పోతదంటరు, దానికి మీరేమంటరు?

నీళ్ల లెక్క:
రెండూ తప్పే. రాగి కొన్ని సూక్ష్మజీవులను చంపుతుంది, ఫ్లోరైడ్‌ను ముట్టదు. మరగబెడితే నీరు ఆవిరవుతుంది, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉంటుంది. లీటరుకు 2 మి.గ్రా. ఉన్న నీళ్లను మరిగించి 800 మి.లీ.కి దించితే అది 2.5 అవుతుంది. క్యాండిల్ ఫిల్టర్, యూవీ కూడా ఈ పని చేయవు. ఆర్‌ఓ పొర, యాక్టివేటెడ్ అల్యూమినా చేస్తాయి. పటిక, సున్నంతో చేసే నల్లగొండ పద్ధతి కూడా చేస్తుంది, కానీ పాళ్లు తప్పితే అల్యూమినియం మిగిలిపోతుంది. గ్లాసుడు టీ కోసం ఇంట్లో పెట్టుకునే పని కాదది.

పాలమూరు పత్తా:
టీ ఆకులోనే ఫ్లోరైడ్ ఉంటుంది కదా, ఆ మాట ఎవరూ ఎత్తలేదేం?

నీళ్ల లెక్క:
అక్కా, ఎత్తాల్సిందే. తేయాకు మొక్క మట్టిలోంచి ఫ్లోరైడ్ లాగి ముదురు ఆకుల్లో దాచుకుంటుంది. మొగ్గ, లేత ఆకుల్లో తక్కువ, ముదురు ఆకులతో చేసే ఇటుక టీలో బాగా ఎక్కువ. మామూలు నల్ల టీలో శుభ్రమైన నీళ్లతో పెట్టినా లీటరుకు సాధారణంగా 1 నుంచి 4 మి.గ్రా. దాకా దిగుతుంది. 3 అనుకోండి, 150 మి.లీ. కప్పులు మూడు తాగితే 1.35 మి.గ్రా. ఇది నీళ్లతో వచ్చేదానికి అదనం. ఎండాకాలం నాలుగు లీటర్ల నీళ్లు తాగే మనిషికి ఈ అదనం చిన్నదేం కాదు. మన జిల్లాలో లూజ్ టీ కొనేవాళ్లు మొగ్గ ఎక్కువున్న ఆకు ఎంచుకోవడానికి రుచి ఒక్కటే కారణం కాదు. డస్ట్ టీని పది నిమిషాలు మరిగించేవాళ్లకు ఇంకా ఎక్కువ దిగుతుంది.

పాలమూరు పత్తా:
అయితే మూలికలకే నా ఓటు. తులసి, నిమ్మగడ్డి, ఎండబెట్టిన ఎర్ర గోంగూర కాయల రేకులు, వీటితో తేయాకంత ఫ్లోరైడ్ రాదు. నీళ్ల తేడాలను ఇవి బాగా ఓర్చుకుంటాయి కూడా. గోంగూర రేకులు 3 గ్రాములు, 250 మి.లీ. మరిగే నీళ్లు, మూత పెట్టి 6 నిమిషాలు. దాని పులుపు కొంత క్షారాన్ని మింగేస్తుంది కాబట్టి నల్లా నీళ్లైనా ఎరుపు నిలుస్తుంది. నిమ్మగడ్డి అంగుళం ముక్కలు కోసి, చితక్కొట్టి 8 నిమిషాలు మరగాలి, ఊరికే నానబెడితే గడ్డి నీళ్లే. తులసికి మూత తప్పనిసరి, వాసనంతా ఆవిరిలో పోతుంది. అయితే కషాయంలా సగానికి మరిగించేవాళ్లు పైన నీళ్ల లెక్క గారు చెప్పిన 800 మి.లీ. లెక్క గుర్తుంచుకోండి. అక్కడ నీళ్లు ఆర్‌ఓవే కావాలి.

కెటిల్‌98:
ఇంట్లో బోరుకు ఆర్‌ఓ మిషన్ పెట్టుకున్నవాళ్లకు ఒక హెచ్చరిక, దీన్ని పెద్దగా ఎవరూ చెప్పరు. చాలా మిషన్లలో టీడీఎస్ కంట్రోలర్ అని చిన్న మర ఉంటుంది. "నీళ్లు సప్పగా ఉన్నాయి" అని ఫిర్యాదు చేస్తే బిగించడానికి వచ్చినతను దాన్ని తిప్పి 30 ఉన్న అంకెను 120 చేసి పోతాడు. ఆ 90 ఎక్కడి నుంచి వచ్చింది? పొరను దాటేసి వచ్చిన బోరు నీళ్ల నుంచే. యూవీ గుండా వచ్చినా ఫ్లోరైడ్ ఫ్లోరైడే. టీ రుచి బాగుపడుతుంది నిజమే, మిషన్ కొన్న కారణం మాత్రం గంగలో కలుస్తుంది. బోరు మీద నడిచే మిషన్‌లో ఆ మరను పూర్తిగా మూసేయించండి.

చండూరు ఛాయ్:
మరి కొద్దిగా కలుపుకుంటే? మూడు పాళ్లు ఆర్‌ఓ, ఒక పాలు నల్లా?

కెటిల్‌98:
నల్లాలో వచ్చేది నిజంగా కృష్ణ నీళ్లైతే భేషుగ్గా కలపండి. ఆర్‌ఓ 30, నల్లా 300 అనుకుంటే మూడుకు ఒకటి కలిపితే 97 వస్తుంది, డార్జిలింగ్‌కూ ఊలాంగ్‌కూ హాయైన చోటు. అదే పాళ్లలో 3 మి.గ్రా. ఫ్లోరైడ్ ఉన్న బోరు కలిపితే, ఆర్‌ఓలో 0.3 మిగిలిందనుకున్నా కలిపిన నీళ్లలో 1 దగ్గరికి చేరుతుంది. దాని మీద ఆకు ఇచ్చేది వేరే.

బోరు ఒక్కటే ఉన్న ఇంట్లో లవణాలు మనమే వేసుకోవడం మేలు. ఒక్కో లీటరు పట్టే సీసాలు రెండు తీసుకొని ఆర్‌ఓ నీళ్లు నింపండి. ఒకదాంట్లో ఎప్సమ్ సాల్ట్ 10 గ్రాములు, రెండోదాంట్లో తినే సోడా 3.4 గ్రాములు కరిగించండి. టీ పెట్టే లీటరు ఆర్‌ఓ నీళ్లకు ఒక్కో సీసాలోంచి 10 మి.లీ. చొప్పున కలపండి. కాఠిన్యం 40, క్షారం 20 చుట్టూ వస్తుంది, మీటర్ సుమారు 100 చూపిస్తుంది. సోడా ఎక్కువైతే మళ్లీ ఆ మట్టి రంగే, కాబట్టి చెంచాతో కాదు, గ్రాము తూకంతో వేయాలి. ఎప్సమ్ మందుల దుకాణంలోది కొనండి. ఎరువుల దుకాణంలో పొలానికి అమ్మే మెగ్నీషియం సల్ఫేట్ చవకే, అది తాగే నీళ్లకు కాదు. సీసాలు ఫ్రిజ్‌లో పెట్టుకోండి, రెండు వారాలకు మార్చేయండి.

ఎర్రనేల:
గింత ప్రయోగశాల ఎందుకు తమ్మీ! నల్లా నీళ్లు పది నిమిషాలు మరగబెట్టి సల్లారినంక వంచుకుంటే సున్నం అడుగుకు దిగుతది, మీది నీళ్లు మెత్తబడ్తయ్. టీ మీద నూనె తెట్టె లెక్క వచ్చే పొర కూడ పోతది.

నీళ్ల లెక్క:
ఇది నిజమే, కాల్షియం బైకార్బొనేట్ ఉన్న నీళ్లకు. ఆ పొర కాల్షియం, బైకార్బొనేట్, టీ పాలీఫినాల్స్ కలిసి కట్టేదే. కెటిల్ అడుగున తెల్లగా పేరుకుంటోందంటే మీ నీళ్లు ఈ రకం, మరిగిస్తే బాగుపడతాయి. ఎంత మరిగినా కెటిల్ శుభ్రంగా ఉండి టీ మాత్రం నల్లబడుతోందంటే సోడియం రకం. దాన్ని మరిగించి లాభం లేదు.

చండూరు ఛాయ్:
మధ్యలో ఒకటి. ఇక్కడి ఎండకు గ్రీన్ టీ రెండు నెలల్లో ఎండుగడ్డి వాసన కొడుతోందని ఇద్దరు మెసేజ్ పెట్టారు.

పాలమూరు పత్తా:
గాజు సీసాలో పోసి పొయ్యి పక్కన, మసాలా డబ్బాల మధ్య పెడితే అంతే. వెలుతురు చొరని డబ్బా, బిగుతు మూత. ఏప్రిల్, మేలో గ్రీన్ టీ వరకే ఫ్రిజ్, అదీ 50 గ్రాముల చిన్న పొట్లాలుగా సీలు వేసి. బయటికి తీశాక రాత్రంతా సీలు విప్పకుండా వదిలి పొద్దున్నే తెరవాలి, లేకుంటే చల్లని ఆకు మీద చెమ్మ పడుతుంది. తెరిచిన పొట్లం తిరిగి ఫ్రిజ్‌లోకి పోకూడదు. నల్ల టీకి ఫ్రిజ్ అక్కర్లేదు.

ఎర్రనేల:
సరే, డార్జిలింగ్‌కు మీ పాళ్లు ఒప్పుకుంటున్న, మూడుకు ఒకటి. అస్సాంకు మాత్రం తేటబరిచిన నల్లా నీళ్లే, దాంట్ల రాజీ లేదు. 2.5 గ్రాములు, పొంగే నీళ్లు, నాలుగు నిమిషాలు.

కెటిల్‌98:
అస్సాం దగ్గర మీతో పేచీ లేదు. కానీ నల్లాలో ప్రతిరోజూ కృష్ణ నీళ్లే వస్తాయని దేని మీద నమ్ముతున్నారు? పైపు పగిలిన రోజు, మరమ్మతు రోజు కొన్ని ఊళ్లలో అదే ట్యాంకులోకి పంచాయతీ బోరు నీళ్లు ఎక్కిస్తారు. నల్లా మారదు, నీళ్లు మారతాయి.

ఎర్రనేల:
అది కరెక్టే. గా టైముల మాత్రం మీ మీటర్ పనికొస్తది. రోజూ 300 చూపించేది ఒకనాడు 650 చూపిస్తే ట్యాంకుల ఏందో కలిసినట్టే. మీటర్ లేనోళ్లు రోజూ వేసే ఆకును అదే కొలతల, అదే టైముకు వడగట్టి తెల్ల కప్పుల పోసి చూడాలె. ముందటి రోజు కన్న నల్లగ, మబ్బుగ దిగితే ఆ రెండు మూడు రోజులు టీకి, తాగెటందుకు, బువ్వ వండెటందుకు ఆర్‌ఓ నీళ్లే వాడుండ్రి. వాటర్‌మెన్‌ను అడిగితే ఏ రోజు ఏ నీళ్లు వదిలిండో చెప్తడు.