ఒక్క పాత ఫోన్‌తో వైఫై అంతా నెమ్మదిస్తోంది, ఎయిర్‌టైమ్ (ఒక్కో ఫోన్ గాల్లో సిగ్నల్ వాడుకునే సమయం) ఎలా పంచాలి?

కావలిలో మా మేడమీద పది మంది పిల్లలు పోటీ పరీక్షలకు చదువుకుంటారు. ఏథ్9కే డ్రైవర్‌తో నడిచే వైఫై చిప్పున్న రూటర్‌లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రూటర్లకు వేసుకునే లైనక్స్ సాఫ్ట్‌వేర్) వేశాను. మెట్ల దగ్గర కూర్చునే పిల్లోడి ఫోన్ 6 ఎంబీపీఎస్‌కి పడిపోగానే మిగతావాళ్ల క్లాసు వీడియోలు గుండ్రంగా తిరుగుతూ ఆగిపోతాయి. వాణ్ణి తీసెయ్యలేను, వాడికి ఉన్నదే ఆ ఫోను.

లైనక్స్ 5.1 నుంచి మ్యాక్80211లోనే (లైనక్స్‌లో వైఫై నడిపే భాగం) ఎయిర్‌టైమ్ షెడ్యూలర్ ఉంది కదా. ప్యాకెట్ల లెక్కన కాకుండా, గాల్లో పట్టే సమయం లెక్కన వంతులేస్తుంది. డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో (లైనక్స్ లోపలి లెక్కలు చూపే చోటు) చూస్తే అందరికీ వెయిట్, అంటే ఎవరి వంతు ఎంతో చెప్పే అంకె, 256 అనే ఉంది. అయినా వాడు నోట్స్ ఫోటోలు అప్‌లోడ్ చేసేటప్పుడే గోల ఎక్కువ. రూటర్ తను పంపేదాన్నే ఆపగలదు గానీ, ఫోన్ పంపేదాన్ని ఆపలేదు గదా!

హోస్ట్‌ఏపీడీలో (రూటర్‌లో వైఫై నెట్‌వర్క్ నడిపే ప్రోగ్రాం) ఎయిర్‌టైమ్ మోడ్ మారిస్తే అప్‌లోడ్‌కి ఏమన్నా ఉపయోగం ఉంటుందా? 6 ఎంబీపీఎస్ లాంటి తక్కువ స్పీడ్ రేట్లు తీసేస్తే వాడికి సిగ్నలే అందదేమోనని భయం. ఇలాంటిది సరిచేసినవాళ్లుంటే దయచేసి చెప్పండన్నా.