వీఆర్‌లో బరోక్ నృత్యం: ప్రేక్షకుణ్ణి ఎక్కడ నిలబెట్టాలి?

ప్రశ్న:
బరోక్ (17-18 శతాబ్దాల యూరప్ శైలి) స్వరకర్త బాఖ్ చెల్లో అనే పెద్ద తంత్రీవాద్యానికి రాసిన సూట్‌లలోని (నృత్యాల పేర్లున్న రచనల వరుసలు) ఒక సరబాండ్‌కు, అంటే నెమ్మదైన మూడు మాత్రల నృత్యగతికి, నృత్యం కూర్చి, మోషన్ క్యాప్చర్ (నర్తకుల కదలికలను కంప్యూటర్‌లోకి నమోదు చేయడం) ద్వారా వీఆర్‌లోకి (వర్చువల్ రియాలిటీ) తేవాలని మా బృందం ప్రయత్నిస్తోంది. హెడ్‌సెట్ పెట్టుకున్న ప్రేక్షకుడు నర్తకుల జంట చుట్టూ స్వేచ్ఛగా తిరుగుతుంటే నృత్యరూపం చెదిరిపోతోంది. ఒకేచోట నిలబెడదామంటే ఇక వీఆర్ ఎందుకనిపిస్తోంది. అనుభవమున్నవారు దారి చూపగలరా?

సమాధానం 1:
ఆ చెదరడానికి కారణం నృత్యం పుట్టిన చోటులోనే ఉంది. ఫ్రాన్స్ రాజు 14వ లూయీ ఆస్థానంలో ఎదిగిన ఈ నృత్యం రాజు కూర్చున్న వైపే ముఖం పెట్టుకుని సాగేది. నృత్యగురువు ఫొయే 1700లో పారిస్‌లో ప్రచురించిన నృత్యలిపిని (నృత్యాన్ని కాగితం మీద రాసే పద్ధతి) చూస్తే, నేలను పైనుంచి చూసినట్లు నర్తకి నడిచే దారిని గీతగా గీసి, సంగీతంలో ఒక్కో ఆవర్తం ముగిసే చోట ఆ గీత మీద చిన్న అడ్డగీత పెట్టి, పుట పైభాగాన ఆ దారికి సరిపడే స్వరాలు రాశారు. పుట పై అంచే సభాముఖం, అంటే రాజు కూర్చునే వైపు. జంట నృత్యాల్లో ఇద్దరి అడుగులు కుడిఎడమలుగా ప్రతిబింబించే అందం అక్కడినుంచే పూర్తిగా కనిపిస్తుంది. అందుకని ప్రేక్షకుణ్ణి మొదట రాజు కూర్చునే చోట ఉంచండి, ఆ తర్వాతే కదలనివ్వండి. నర్తకుల దారిని నేల మీద వెలిగే గీతగా చూపిస్తే, పక్కకు వెళ్లినవారికీ రూపం అందుతుంది. నాకెంతో ఇష్టమైన ఆ లిపికి వీఆర్ కన్నా తగిన వేదిక మరొకటి తోచడం లేదు.

సమాధానం 2:
ప్రేక్షకుడు నడిచేటట్లయితే ధ్వని సంగతి ముందే తేల్చుకోండి. ఒకేచోట మైకు పెట్టి చేసిన ఆంబిసోనిక్ (అన్ని దిక్కుల ధ్వనినీ పట్టే) రికార్డింగ్ తల తిప్పితే స్పందిస్తుంది కాని, చెల్లో దగ్గరకు రెండడుగులు వేస్తే స్పందించదు. చెల్లోను ప్రతిధ్వని లేని గదిలో దగ్గరగా రికార్డు చేసి, వీఆర్‌లో దానికొక స్థానమిచ్చి, నృత్యం జరిగే సభామందిరపు ప్రతిధ్వనిని విడిగా లెక్కగట్టించడం మేలు. సరబాండ్‌లో రెండో మాత్ర మీద పడే ఊనికను వాద్యకారుడు నర్తకులను చూస్తూనే సాగదీస్తాడు కనుక, క్లిక్‌కు (చెవిలో సమానంగా తాళం కొట్టే యంత్రశబ్దానికి) వాయించవద్దు. వాద్యాన్నీ నృత్యాన్నీ ఒకేసారి రికార్డు చేయండి. నర్తకులు కనిపించేలా వాద్యకారుణ్ణి తన గదిలోనే గాజు అవతల కూర్చోబెట్టినా సరిపోతుంది.

సమాధానం 3:
పై ఇద్దరితోనూ ఏకీభవిస్తాను, ఎంపిక విషయంలో తప్ప. బాఖ్ సూట్‌లు నృత్యాల పేర్లు పెట్టుకున్నా వినడానికి రాసినవే. 14వ లూయీ ఆస్థాన స్వరకర్త లుల్లీ రచనల్లో నృత్యలిపితో సహా నేటికీ నిలిచినదాన్ని తీసుకుంటే, నేల మీది గీతను మీరు ఊహించి గీయనక్కరలేదు.