సింగ్‌నగర్ వరదలో మునిగిన కారు: టోటల్ లాస్ అంటున్నారు, ఒప్పుకోవాలా?

బెజవాడ_బండి:
సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు వచ్చినప్పుడు మా కారు మూడు రోజులు మునిగే ఉంది. 2020 మోడల్, ఐడీవీ (పాలసీలో బండికి రాసిన విలువ) 4,20,000. షోరూం వాళ్ల రిపేరు ఎస్టిమేట్ 3,60,000. ఇన్సూరెన్స్ కంపెనీ టోటల్ లాస్, అంటే రిపేరుకు పనికిరాదు అంటోంది. బండి నేనే ఉంచుకుంటే 2,95,000 ఇస్తారట. లోన్ ఇంకా 1,60,000 ఉంది, అదేమవుతుంది? ఒప్పుకోవాలా?

గుంటూరు_మిర్చి:
ముందిది చెప్పండి, నీళ్లలో ఉండగా తాళం తిప్పారా? మా బావమరిది తిప్పాడు. ఇంజన్ ప్రొటెక్ట్ అని విడిగా తీసుకునే కవర్ లేదు. ఇంజన్‌కి ఒక్క రూపాయి రాలేదు. ఇంటిల్లిపాదీ వద్దంటున్నా వినలేదు మహానుభావుడు.

బెజవాడ_బండి:
తిప్పలేదండీ. తాళాలూ మేడ మీదే, మేమూ మేడ మీదే.

మాజీ_సర్వేయర్:
22 ఏళ్లు ఇలాంటి నష్టాలు లెక్కగట్టే పనే చేశాను, వినండి. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాసే. మీకు 3,15,000 దాటితే చాలు. మునిగిన బండికి 1,24,000 ధర కట్టి, ఎక్సెస్ (క్లెయిములో మీరు భరించే వాటా) వెయ్యి తీసేసి 2,95,000 అన్నారు, అంతే. ఆ ధరకు కొనేవాణ్ణి వాళ్లనే తెమ్మనండి. తెస్తే బండి వదిలేయండి.

వరంగల్_వాడు:
వదిలేయండి అని ఎంత తేలిగ్గా అన్నారు సార్! ఆర్సీ సంగతో? 2019లో నేనూ వదిలేశాను. కంపెనీ పంపినవాడు ఓనరు పేరు మార్చే ఖాళీ ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకుని బండి తీసుకుపోయాడు. రెండేళ్లకు నా ఫోన్‌కి నాందేడ్ నుంచి చలాన్లు! ఓవర్ స్పీడ్ అట. చచ్చిన బండి అంత స్పీడుగా ఎట్లా పోయిందో.

మాజీ_సర్వేయర్:
ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టింది మీరు. కంపెనీ తప్పేముంది?

వరంగల్_వాడు:
పెడితే గాని డబ్బు వేయమన్నారు. కంపెనీ పక్కన 22 ఏళ్లు కూర్చున్నవాళ్లకు ఇది తెలియదా?

మాజీ_సర్వేయర్:
సర్వేయర్ కంపెనీ ఉద్యోగి కాదు. ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ లైసెన్సుతో పనిచేసినవాణ్ణి. మాట జాగ్రత్త.

వరంగల్_వాడు:
ఫీజు ఎవరిచ్చారో కూడా చెప్పండి మరి.

గుంటూరు_మిర్చి:
ఇద్దరూ కాస్త ఆగండి. చలాన్లు చిన్న విషయం. ఆర్సీలో ఎవరి పేరుంటే వాళ్లే ఓనరని 2018లో సుప్రీంకోర్టే తేల్చింది. ఆ బండి ఎవరినైనా గుద్దితే పరిహారం కేసు మీ మెడకే. బండి ఇచ్చేస్తే పేరు మారిందో లేదో రవాణా శాఖ వెబ్‌సైట్ వాహన్‌లో చూసుకునేదాకా వదలకూడదు. తుక్కుకే అయితే ఆర్సీ రద్దు చేయించాలి.

వరంగల్_వాడు:
నేను మొత్తుకునేది అదే కదా!

డల్లాస్_బాబాయ్:
టెక్సాస్‌లో ఈ ఐడీవీ గోల లేదు. ఆ రోజు మార్కెట్లో బండి ఎంత పలుకుతుందో అదే లెక్క. టైటిల్ మీద సాల్వేజ్ అని పడుతుంది, కొనేవాడికి ముందే తెలుస్తుంది. మా క్యామ్రీ వడగళ్ల వానలో...

తెనాలి_అక్క:
బాబాయ్ గారూ, సింగ్‌నగర్ టెక్సాస్‌లో లేదు. 4,20,000 ఐడీవీ ఉన్నవాళ్లు అదృష్టవంతులే. మా ఏజెంటు ప్రీమియంలో 900 కలిసొస్తుందని ఐడీవీ 70,000 తగ్గించి రాశాడు. అప్పుడు ఆయనకు కాఫీ కూడా ఇచ్చాను.

బెజవాడ_బండి:
అందరికీ దండాలు. లోన్ గురించి అడిగాను, ఎవరి కంటా పడినట్టు లేదు.

మాజీ_సర్వేయర్:
ఆర్సీలో హైపోథికేషన్ (లోన్ కింద బండి తాకట్టు ఉందన్న నమోదు) ఉంటే డబ్బు ముందు ఫైనాన్స్ వాళ్లకే పోతుంది. వాళ్ల బాకీ పోగా మిగిలింది మీకు. బాకీ తీరిందని వాళ్లిచ్చే ఎన్ఓసీ మరిచిపోకండి. వాళ్లు కట్టిన ధర నచ్చకపోతే కంపెనీకి రాసివ్వండి. నెలలో తేలకపోతే పాలసీదారుల ఫిర్యాదులు తేల్చే హైదరాబాద్ ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లండి, అక్కడ ఫీజు ఉండదు. ఇది కూడా కంపెనీ పక్కన కూర్చునే చెబుతున్నాను లెండి.

పాత_బళ్లు_పార్టులు:
ఆ 1,24,000 బండి బేరానికి ఉందా? పేపర్ల గొడవ మేం చూసుకుంటాం, మీరు సంతకం పెడితే చాలు.

వరంగల్_వాడు:
వచ్చాడండీ నాందేడ్ వాడు.