ఫుట్‌పాత్ మీద టిఫిన్ బండి: తీసెయ్యాలా, చోటు చూపించాలా? (ఒక చర్చ)

నడకదారి

2024 జనవరి చివర్లో మాదాపూర్‌లో, ఐటీసీ కోహినూర్ హోటల్ దగ్గర రోడ్డు పక్కన నడిచే ఒక భోజనం బండిని ట్రాఫిక్ పోలీసులు తీయించారు. మర్నాడే ముఖ్యమంత్రి కార్యాలయం కలగజేసుకుని అక్కడే నడుపుకోనిమ్మంది. ఆ బండి సంగతి అలా తేలింది. హైదరాబాద్‌లో మిగతా వేల బండ్ల సంగతి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. పొద్దున తీసేస్తారు, సాయంత్రానికి మళ్ళీ వచ్చేస్తాయి.

నేను అనేది ఒకటే. ఫుట్‌పాత్ నడిచేవాళ్ళది. 2025 మేలో సుప్రీంకోర్టు కూడా అడ్డంకుల్లేని ఫుట్‌పాత్ రాజ్యాంగం 21వ అధికరణ (జీవించే హక్కు) కింద హక్కేనని చెప్పింది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) 103 మార్గదర్శకాల ప్రకారం నడవడానికి వదలాల్సిన ఖాళీ జాగా కనీసం 1.8 మీటర్లు, దుకాణాలున్న వీధుల్లో 2.5 మీటర్లు.

ఇప్పుడు టేపు పట్టి కొలవండి. మామూలు నాలుగు చక్రాల బండి ఆరడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు ఉంటుంది. దాని ముందు ప్లేటు పట్టుకుని నిలబడే మనిషికి మూడడుగులు, వెనక వండే మనిషికి ఇంకో మూడడుగులు కావాలి. మొత్తం తొమ్మిదిన్నర అడుగులు, అంటే 2.9 మీటర్లు. 2.5 మీటర్ల ఫుట్‌పాత్ మీద బండి పెట్టాక మిగిలేది సున్నా. అమ్మే మనిషి ఎంత మంచివాడైనా ఈ లెక్క మారదు. చక్రాల కుర్చీలో వచ్చే మనిషి, పిల్లల్ని బడికి నడిపించుకెళ్ళే తల్లి రోడ్డు మీదికే దిగాలి. అందుకే బండ్లన్నిటినీ వెండింగ్ జోన్లకు, అంటే అమ్ముకోవడానికి కేటాయించిన చోట్లకు, పంపాలంటాను.

బండి_హక్కు

నడకదారి గారూ, మీ టేపు లెక్కతో నాకు పేచీ లేదు. పేచీ అంతా "పంపాలి" అన్న మాట దగ్గరే. 2014 వీధి విక్రేతల చట్టం ఉండగా ఎవరినైనా ఎక్కడికైనా పంపడం మునిసిపల్ కమిషనర్ ఇష్టం కాదు.

ఆ చట్టం 3వ సెక్షన్ చూడండి. ముందు సర్వే జరగాలి, సర్వేలో తేలిన వాళ్ళందరికీ ధ్రువపత్రం ఇవ్వాలి. అప్పటిదాకా ఎవరినీ లేపకూడదు. అక్కణ్ణుంచి మార్చాలంటే 18వ సెక్షన్ కింద 30 రోజుల నోటీసు ఉండాలి. ఏ వీధి ఏ జోన్ అన్నది టౌన్ వెండింగ్ కమిటీని సంప్రదించే తేల్చాలి. ఆ కమిటీకి అధ్యక్షుడు కమిషనరే అయినా సభ్యుల్లో కనీసం 40 శాతం మంది విక్రేతలు తమలోంచి ఎన్నుకున్నవాళ్ళు కావాలి, వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. "ఇక్కడ జనం ఎక్కువ" అన్న ఒక్క కారణంతో వీధిని నో వెండింగ్ జోన్ చెయ్యకూడదని చట్టం షెడ్యూల్లోనే రాశారు. మురికి అన్న కారణమూ చాలదు. ఆ మురికి పూర్తిగా విక్రేతల వల్లేనని, మునిసిపాలిటీ శుభ్రం చేసినా పోదని తేలాలి. ముందునుంచీ నడుస్తున్న సహజ మార్కెట్‌ను నో వెండింగ్ జోన్‌గా అసలు ప్రకటించకూడదు.

ఇక వెండింగ్ జోన్లు ఎందుకు ఖాళీగా పడుంటాయో కూడా ఆలోచించండి. పొద్దున ఇడ్లీ తినేవాడు ఆఫీసు గేటు నుంచి రెండు మూడు వందల అడుగులు నడుస్తాడు, అర కిలోమీటరు నడవడు. ఎవరూ రాని ఖాళీ స్థలంలో, ఫ్లైఓవర్ అవతల, నీళ్ళ కుళాయి కూడా లేని చోట షెడ్లు వేసి "చోటిచ్చాం" అంటే రెండో నెలకు అవి గోదాములవుతాయి. బండి మళ్ళీ గేటు దగ్గరికే వస్తుంది. అది మొండితనం కాదు, గిరాకీ ఉన్నది అక్కడే.

ట్రాఫిక్_లెక్క

ఇద్దరూ ఫుట్‌పాత్ దగ్గరే ఆగిపోయారు. నష్టం ఎక్కువ జరిగేది దాని పక్కన రోడ్డు మీద. ఏ బండి దగ్గరైనా సాయంత్రం ఏడింటికి చూడండి. తినేవాళ్ళ బైకులు మొదట కెర్బ్‌కు (ఫుట్‌పాత్ అంచు రాయికి) ఆనించి ఒక వరస, దాని వెనక ఇంకో వరస. లేన్ వెడల్పు మూడున్నర మీటర్లు, బైకు పొడవు రెండు మీటర్లు. అడ్డంగా నిలిపిన ఒక్క వరసతోనే ఎడమ లేన్ పోయినట్టే. ఆపైన ఆటో ఆగుతుంది, పార్సిల్ కోసం డెలివరీ కుర్రాడు ఆగుతాడు. బస్సు తన స్టాపులోకి రాలేక నడి రోడ్డు మీదే ఆగుతుంది. ఎక్కేవాళ్ళు బైకుల మధ్యలోంచి పరుగెత్తాలి.

చట్టం హక్కిచ్చింది నిజమే. కానీ 1989లో సోదన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు వీధి వ్యాపారాన్ని హక్కుగా ఒప్పుకుంటూనే, దానికి సహేతుకమైన ఆంక్షలు పెట్టొచ్చనీ చెప్పింది. ఎక్కడ పడితే అక్కడ అన్న హక్కు ఎవరికీ లేదు.

వీధి_డిజైన్

ట్రాఫిక్_లెక్క గారూ, మీరు చెప్పినదాన్నిబట్టి చూస్తే దోషం బండిది కాదు, పార్కింగ్‌ది. 2022 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మొదలుపెట్టిన ఆపరేషన్ రోప్ లక్ష్యాల్లో మొదటిది అడ్డదిడ్డం పార్కింగ్ తీయించడం, ఆక్రమణలు రెండోది. ఈ చర్చలో మాత్రం ఆక్రమణ ఒక్కటే మిగిలింది. కారు రోజంతా ఊరికే నిలబడే చోటును మనం ఎవరం కొలవడం లేదు.

కొలుద్దాం. కెర్బ్ పక్కన నిలువుగా ఆపే కారుకు ఆరు మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు కావాలి. ముప్పై మీటర్ల వీధి అంచులో ఐదు కార్లు పడతాయి. ఆ ఐదింటిలో రెండు బైకులకివ్వండి. బైకుకు 80 సెంటీమీటర్ల చొప్పున అడ్డంగా నిలిపితే పన్నెండు మీటర్లలో పద్నాలుగు, పదిహేను బైకులు రెండో వరస లేకుండా సర్దుకుంటాయి. మిగిలిన పద్దెనిమిది మీటర్లు బండ్లకు. బండి 1.8 మీటర్లు, పక్క బండికీ దానికీ మధ్య 0.9 మీటరు ఖాళీ. ఆరు బండ్లు వస్తాయి. ఐదు కార్లు ఆగే చోట ఆరు కుటుంబాల బతుకు, పద్నాలుగు బైకులు.

కానీ లోతు (ఫుట్‌పాత్ అంచు నుంచి రోడ్డు వైపు కొలత) దగ్గర జాగ్రత్త పడాలి, ఇలాంటివి చెడేది అక్కడే. రెండున్నర మీటర్ల లోతులో వండే మనిషికి 0.9, బండికి 1.05 పోతే తినేవాళ్ళకు మిగిలేది 0.55 మీటరే. వాళ్ళు ఎలాగూ ఇంకో రెండడుగులు ఫుట్‌పాత్ మీదికి వస్తారు. అందుకని ఆ చోట ఫుట్‌పాత్ కనీసం 2.4 మీటర్లుంటేనే 1.8 మిగులుతుంది. దుకాణాల వీధికి 2.5 వదలాలంటే 3.1 మీటర్లుండాలి. అంత లేని వీధిలో ఈ పద్ధతి పెట్టకూడదు. నడకదారి గారి లెక్కను నేనూ దాటను.

వండే మనిషి వీపు రోడ్డు వైపు ఉంటుంది, ఇది మరిచిపోకండి. మూకుడులో నూనె కాగుతుండగా వెనక నుంచి బైకు తగిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఈ బండ్ల చోటు (బే) అంచున కాంక్రీటు దిమ్మె గోడ తప్పనిసరి, తాడు, ప్లాస్టిక్ కోన్లు చాలవు. బే రెండు చివర్లా బోలార్డులు (పొట్టి స్తంభాలు) 1.2 మీటర్ల ఎడంతో పాతాలి. చక్రాల కుర్చీ పడుతుంది, ఆటో దూరదు. బైకు మాత్రం దూరుతుంది, దానికి మనిషి కాపలా తప్ప వేరే దారి లేదు.

నడకదారి

ఫుట్‌పాత్ వెడల్పు షరతు పెట్టారు కాబట్టి ఈ ఏర్పాటుకు నేను అడ్డు చెప్పను. అయితే ఇంకో రెండు ప్రశ్నలున్నాయి. ఒకటి గ్యాస్. బండ్ల కింద తరచు కనిపించేది ఎర్ర రంగు 14.2 కిలోల ఇంటి సిలిండర్. వ్యాపారానికి అది వాడకూడదు, 19 కిలోలది లాంటి వ్యాపార సిలిండరే వాడాలి. ఆరు బండ్లు వరసగా ఉంటే ఆరు సిలిండర్లు వరసగా ఉన్నట్టే. రబ్బరు గొట్టం బండి చెక్కకు రాసుకుని పగులుతుంది, మూకుడు కింది వేడికి గట్టిపడుతుంది. సిలిండరును బండి లోపల మూసి పెట్టకుండా, నిలువుగా, గాలి ఆడే చోట ఉంచారా లేదా చూసే మనిషెవరు?

రెండోది నీళ్ళు. ప్లేట్లు కడిగిన నీళ్ళు ఎక్కడికి పోతాయి?

మురుగునీరు

రెండో ప్రశ్నకు జవాబు: వాన కాలువలోకి. చాలాచోట్ల కెర్బ్ పక్కన జాలీలోంచే పోస్తారు. ఆ కాలువ మురుగు శుద్ధి కేంద్రానికి వెళ్ళదు, నేరుగా నాలాలో కలుస్తుంది. సాంబారు, చట్నీ, బజ్జీల నూనె చల్లారాక గోడలకు పేరుకుంటాయి. దాని మీద ప్లాస్టిక్ సంచి, కొత్తిమీర కాడలు అంటుకుంటాయి. జూన్‌లో మొదటి గట్టి వానకు ఆ వీధే మునుగుతుంది.

దీనికి పెద్ద ఖర్చు అక్కర్లేదు, ఒక గ్రీజ్ ట్రాప్ (నీటిలోంచి నూనె జిడ్డును ఆపే తొట్టి) చాలు. ఒక్కో బండి పూటకు 150 లీటర్లు వాడుతుందనుకుందాం. ఆరు బండ్లకు 900 లీటర్లు, ఐదు గంటల్లో. గంటకు సగటున 180. రద్దీ వేళ దానికి రెండింతలు, 360. నూనె పైకి తేలడానికి నీరు అరగంట నిలవాలి కాబట్టి 180 లీటర్ల తొట్టి కావాలి. పూడికకు కొంత కలుపుకుని 250 లీటర్లది పెడితే సరిపోతుంది. ముందు మెతుకులు ఆపే జల్లెడ, తర్వాత రెండు గదులు, మధ్యలో కింద మాత్రమే సందున్న అడ్డుగోడ. నూనె పైన ఆగుతుంది, నీరు కింద నుంచి పోతుంది. బయటికి పోయే గొట్టాన్ని T ఆకారపు ముక్కతో కిందికి వంచాలి, లేకపోతే తేలిన నూనె మళ్ళీ దాంట్లోకే పోతుంది. ఆ గొట్టం కలవాల్సింది మురుగు లైనుకు, వాన కాలువకు కాదు.

ఎక్కడ చెడుతుందంటే, పైన పేరుకున్న జిడ్డు తీయడం దగ్గర. వారానికోసారి తీయాలి. ఎవరి పని అని రాతపూర్వకంగా లేకపోతే మూడో వారానికే ట్రాప్ నిండి నూనె నేరుగా పోతుంది, వాసనకు పక్క అపార్ట్‌మెంట్ వాళ్ళు ఫిర్యాదు చేస్తారు, మొత్తం బే మూతపడుతుంది.

వాడిన నూనె గురించి కూడా ఒక మాట. టోటల్ పోలార్ కాంపౌండ్స్ (నూనె పదేపదే కాగితే పుట్టే పదార్థాలు) 25 శాతం దాటిన నూనె వాడకూడదన్న నిబంధన 2018 జులై నుంచి ఉంది. నల్లబడి, నురగ కట్టి, పొగ త్వరగా వస్తుంటే దాన్ని పారబోసే కాలం వచ్చినట్టే. ఆ నూనె పోయడానికి బే దగ్గరే మూత ఉన్న డబ్బా ఉండాలి.

హోటల్_లైన్

ఇన్ని సౌకర్యాలు మునిసిపాలిటీ ఖర్చుతో బండ్లకిస్తే, ట్రేడ్ లైసెన్సు, ఆస్తి పన్ను, అద్దె కట్టి నడిపే చిన్న హోటల్ ఏం కావాలండీ? గుడ్డు మయోనీస్ మీద 2024 అక్టోబరు చివర్లో తెలంగాణ ఏడాది నిషేధం పెట్టినప్పుడు తనిఖీకి మొదట దొరికేది బోర్డున్న వాళ్ళమే. మాకూ బయట నాలుగు టేబుళ్ళు వేసుకోనివ్వండి. ఫుట్‌పాత్ మీద కాదు, మా సొంత సెట్‌బ్యాక్‌లో, అంటే భవనం చుట్టూ వదిలిన ఖాళీ జాగాలో.

వీధి_డిజైన్

తనిఖీ అందరికీ ఒకేలా ఉండాలన్నది న్యాయమే, బండికీ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండి తీరాలి. సెట్‌బ్యాక్ దగ్గర మాత్రం ఒప్పుకోలేను. అది మీ సొంతమే, ఖాళీగా ఉంచుతానన్న మాట మీదే బిల్డింగ్ అనుమతి వచ్చింది. 2012 నాటి 168 జీవో ప్రకారం ఎత్తైన భవనానికి చుట్టూ కనీసం ఏడు మీటర్లు వదిలేది ఫైరింజన్ తిరగడానికే. అక్కడ టేబుళ్ళతో మొదలవుతుంది. తర్వాత వానకని రేకులు, ఆపైన తందూరు పొయ్యి వస్తాయి. పార్కింగ్‌కు చూపిన చోట టేబుళ్ళు వేస్తే కార్లు రోడ్డెక్కుతాయి, మళ్ళీ ట్రాఫిక్_లెక్క గారు చెప్పిన చోటికే వస్తాం. మీ ముందున్న పార్కింగ్ బే సాయంత్రం పూట అద్దెకు తీసుకోండి, అదే దిమ్మె గోడ, అదే 1.8 మీటర్ల షరతుతో. ఫీజు బండి కంటే ఎక్కువ ఉండాలి.

బండి_హక్కు

ఒక సవరణ. ఆరు చోట్లంటే ఆరుగురే అనుకోకండి. పొద్దున ఆరున్నర నుంచి పదిన్నర దాకా ఇడ్లీ, దోశ. పన్నెండు నుంచి మూడు దాకా భోజనం. సాయంత్రం నుంచి రాత్రి దాకా మిర్చి బజ్జీ, నూడుల్స్. బండ్లు వేరు, మనుషులు వేరు. సమయాలు పంచుకుని అమ్మే పద్ధతికి చట్టంలోనే వీలుంది. ఒక చోటుకు మూడు పత్రాలిస్తే పద్దెనిమిది మందికి దారి దొరుకుతుంది. షిఫ్టుల మధ్య గంట, గంటన్నర ఖాళీ ఉంటుంది కాబట్టి కడగడం, జిడ్డు తీయడం అప్పుడే.

పత్రం రాకముందే బండి తీసేసే మునిసిపల్ లారీ వస్తే చెయ్యాల్సింది: సామాను పట్టుకెళ్ళేటప్పుడు 19వ సెక్షన్ కింద జాబితా రాసి, సంతకం చేసి ప్రతి ఇవ్వాలి, అది అడిగి తీసుకోండి. తర్వాత విడిపించమని అడిగితే, ఫీజు కట్టాక, పాడైపోయే సరుకు అదే రోజు, మిగతాది రెండు పని దినాల్లో తిరిగివ్వాలి. చాలామంది జాబితా లేకుండానే వదిలేస్తారు. తర్వాత స్టవ్వు పోయిందో, గిన్నెలు పోయాయో తేల్చే కాగితం ఉండదు. ఫిర్యాదుల కమిటీకి సివిల్ జడ్జిగానో జ్యుడీషియల్ మేజిస్ట్రేట్‌గానో చేసినవాళ్ళు అధ్యక్షులుగా ఉండాలి. అక్కడ పనికొచ్చేది ఆ కాగితమే.

ట్రాఫిక్_లెక్క

సరే, నేను పూర్తిగా మారలేదు గానీ ఒక వీధిలో చూడ్డానికి ఒప్పుకుంటాను. 2021 ఆగస్టులో ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు వాహనాలు ఆపినప్పుడు వేళ ముందే ప్రకటించి, మళ్ళింపు దారులు చూపించారు కాబట్టి ఊరు సర్దుకుంది. ఇక్కడా అలాగే ముందు చెప్పి చెయ్యాలి.

నా షరతులివి. మలుపు నుంచి పాతిక మీటర్ల లోపు బండి వద్దు, మలుపు తిరిగే బస్సు డ్రైవరుకు రోడ్డు దాటే మనిషి కనపడాలి. బస్ స్టాపు ముందూ వెనకా బే వద్దు. మూడు నెలలు నడపండి. మొదలుపెట్టక ముందు ఒక వారం, మూడో నెలలో ఒక వారం, అదే చోట సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా మూడు లెక్కలు తీయండి: రెండో వరసలో ఆగిన బైకులెన్ని, ఫుట్‌పాత్ వదిలి రోడ్డు మీదికి దిగి నడిచినవాళ్ళెంతమంది, బస్సు స్టాపులోకి వచ్చిందా నడి రోడ్డున ఆగిందా. రోడ్డు మీదికి దిగేవాళ్ళు తగ్గకపోతే బే తీసెయ్యండి. తగ్గితే పక్క వీధిలో కార్లు ఆగే చోటు కొలవడానికి టేపు నేనే పట్టుకుంటాను.